ఇంకా రాని తారీకు

28-2-2005, సోమవారం

ఎండ. గాలి లేదు. పొద్దున్నే షాపు ముందు నీళ్ళు చల్లి, బల్లఫ్యాను రెక్కలు విప్పి తుడిచాను. రెండు టేప్‌రికార్డర్లు బాగుచేశాను.

పదకొండింటికి కోల్డ్ స్టోరేజీ గుమాస్తా మాలిక్ వచ్చి మోపెడ్ మీద తీసుకెళ్ళాడు. కొత్తగా కట్టిన నాలుగో ఛాంబరులోకి ఇవాళ మొదటి మిర్చి సరుకు. సరుకు చీటీలు ఇచ్చే కంప్యూటరు ప్రోగ్రాం నేను రాసిందే. శుక్రమూఢం నడుస్తోంది. మూఢంలో మొదటి చీటీ రాయడానికి స్టోరు యజమాని వెంకటనారాయణగారు ఒప్పుకోరు. బయట లారీలు ఆగి ఉన్నాయి.

"సరుకైతే ఆగదయ్యా హుస్సేనూ. కాయ ఎండలో నల్లబడి పోతుంది. దేవుడి లాటు మాత్రం మంచిరోజున పడాలి. ఒకటో నంబరు ఆయనదే కదా."

"మంచిరోజు ఎప్పుడండీ?"

"మూఢం వెళ్ళాక. వైశాఖ శుద్ధ తదియ, మే పదకొండు."

"అప్పటిదాకా ఒకటో నంబరు ఖాళీగా పెట్టలేమండీ. ఒకటి పడితేనే ప్రోగ్రాం రెండు ఇస్తుంది."

"అయితే నీ మిషనుకే ఇవాళ మే పదకొండని చెప్పు. అదేమన్నా పంచాంగం చూస్తుందా?"

మాలిక్ నవ్వాడు. నేనూ నవ్వాను. మిషను తారీకు మే 11 చేశాను, టైము 9.40. చీటీ పైన 'శ్రీ' పడాలన్నారు. అందుకోసం ప్రోగ్రాంలో ఒకచోట మార్చి, అంతా మళ్ళీ తయారుచేశాను. చీటీ వచ్చింది. దానికి పసుపు పెట్టారు. హమాలీల మేస్త్రి అంకయ్య దేవుడి బస్తాను భుజానికెత్తుకుని, "ఈయన బరువూ నలభై కేజీలేనండోయ్, ఏం తేడా లేదు," అంటూ మొదటి వరసలో దింపాడు. హమాలీలు పదమూడు మందీ నవ్వారు. తర్వాత మిషను తారీకు ఫిబ్రవరి 28కి మార్చేసి వచ్చాను.

ఇన్నేళ్ళూ ఏ బస్తా ఏ వరసలో ఉందో అంకయ్య తలలోనే ఉండేది. ఈ ఏడాది వరసల లెక్క కూడా నా ప్రోగ్రాంలో చేర్చాను. "ఇక నుంచి చీటీలో ఏ వరసుంటే ఆ వరస నుంచే తియ్యి, నీ బుర్ర వాడకు," అని వెంకటనారాయణగారు ఆయనకి చెప్పారు. అంకయ్య నా వైపు చూసి, "బుర్రకి రిటైర్‌మెంటు ఇప్పించావు సాయిబూ," అన్నాడు.

12-3-2005, శనివారం

ఉక్క. కూజా కింద ఇసుక మార్చాను.

మాలిక్ ఒక తప్పు పట్టుకున్నాడు. సరుకు బయటికి పోకముందే పట్టుకోవడం నయం. ఒకే కమీషన్ కొట్టు తరఫున, ఒకేరోజు, ఒకే లెక్క బస్తాలతో రెండు లాట్లు వచ్చాయనుకుంటే, మొదటి లాటు బయటికి తీసేటప్పుడు చీటీ మీద రెండో లాటు వరస పడుతోంది. లాటు నంబరుతో వెతకాల్సిన చోట కొట్టు పేరు, తారీకు, బస్తాల లెక్కతో వెతికించాను. బస్తాల మీద కొట్టు మార్కా తప్ప రైతు పేరు ఉండదు కాబట్టి, తీసేవాళ్ళకి కూడా తేడా తెలియదు.

ఇంటి మిషను మీద సరిచేశాను. పదిసార్లు చూశాను. ఫ్లాపీలో పట్టుకెళ్ళి స్టోరు మిషనులో ఎక్కించి, ప్రోగ్రాంని మళ్ళీ తయారుచేసే 'మేక్' నడిపాను. తప్పులేం చూపించలేదు. ఇంట్లో అర నిమిషం పట్టింది, అక్కడ కన్ను మూసి తెరిచేలోపు అయిపోయింది. స్టోరు మిషను కొత్తది కదా.

లోపం సరిచేయడం జరిగింది.

20-3-2005, ఆదివారం

ఎండ. స్టోరు మిషనులో ఉన్నదంతా ఒక ఫ్లాపీలోకి తీసి ఇంట్లో పెట్టాను. నాన్న దూది ఏకే విల్లుకి చెద తగిలింది, కిరోసిన్ రాశాను. ఆయన పోయి పదేళ్ళు. ఇప్పుడెవరూ ఏకించుకోరు. అయినా పారేయబుద్ధి కాలేదు.

18-4-2005, సోమవారం

గాలిదుమారం. మధ్యాహ్నం దాకా కరెంటు లేదు. పనేం చేయలేదు.

3-5-2005, మంగళవారం

నలభై మూడు డిగ్రీలట. షాపు రేకుల మీద గోనెలు పరిచి నీళ్ళు పోశాను.

స్టోరులో పెద్ద గొడవ. సుబ్బరావమ్మ అని, పెదకూరపాడు వైపు కౌలు రైతు, భర్త లేడు. లాటు నంబరు 413, ముప్ఫై ఎనిమిది టిక్కీలు, అంటే బస్తాలు, మేలైన తేజ కాయ. పదిహేడో వరస. తీసుకోవడానికి వస్తే పదిహేడో వరస ఖాళీ. అంకయ్య వెతికితే తొమ్మిదో వరసలో అదే మార్కాతో ముప్ఫై ఎనిమిది దొరికాయి. బస్తా కోసి చూస్తే రంగు పోయిన తాలుకాయ.

"ఇది నా కాయా? నేను తాలు తెచ్చి మీ చలవ గదిలో దాచుకుంటానా? కల్లంలో ఒక్కో కాయ ఏరానయ్యా, నడుము పడిపోయింది!" అని ఆవిడ గుప్పెడు తాలుకాయ తెచ్చి బల్ల మీద, కీబోర్డు మీద పోసింది.

తాలుకాయ 412ది. ఆ లాటు ఏప్రిల్ 18న బయటికి పోయింది. పోయింది తాలు కాదు, ఈవిడ తేజ అన్నమాట. కొన్నవాళ్ళ లారీ ఎప్పుడో రాష్ట్రం దాటింది.

అంకయ్య తడుముకోకుండా చెప్పాడు. "నాలుగొందల పన్నెండు తొమ్మిదో వరసలో దింపినట్టు నాకు గుర్తు. కానీ చీటీలో పదిహేడు అనుంది. పదిహేడు నుంచి తీశా."

"గుర్తుంటే ఎందుకు తీశావురా?" అన్నారు వెంకటనారాయణగారు.

"బుర్ర వాడకు, చీటీ చూడు అన్నది తమరే కదండీ."

"నాకే చెప్తన్నావా? ఈ నెల రోజుల్లో ఇది మూడోది. తాలుకీ తేజకీ తేడా తెలియకుండా ఇరవై ఏళ్ళ నుంచి మోస్తన్నావా నువ్వు?"

"కుట్టేసిన బస్తాలో ఏముందో మోసేవాడికేం తెలుస్తదండీ."

మాలిక్ నాతో మెల్లగా, "భాయ్, మన మిషను మీదే 412 చీటీ మళ్ళీ తీసి చూద్దామా?" అన్నాడు. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. ఆవిడ ఏడుస్తోంది. అంతమంది మధ్యలో నాకు చేతులు ఆడవు. లెక్కల ఫైళ్ళు మాత్రం ఫ్లాపీలో తీసుకుని, ఇంట్లో నిదానంగా చూసి చెప్తానన్నాను.

4-5-2005, బుధవారం

ఎండ. ఇంటి మిషను మీద 412 చీటీ తీశాను. తొమ్మిదో వరస. మళ్ళీ తీశాను. తొమ్మిదే. మార్చిలో సరిచేసింది సరిగ్గానే పనిచేస్తోంది. ఆ తప్పు మళ్ళీ వచ్చే అవకాశం లేదు.

ఆ కాయితం వెంకటనారాయణగారికి ఇవ్వడం జరిగింది.

7-5-2005, శనివారం

ఎండ. స్టోరు ముందర హమాలీలందరినీ నిలబెట్టి, వెంకటనారాయణగారు ఆ కాయితం చదివారట. తొమ్మిది అని ఉండగా పదిహేడు నుంచి తీశాడంటే కొన్నవాడితో కలిసే తీశాడు అన్నారట. సుబ్బరావమ్మకి తన సరుకులోంచి ఇచ్చి సర్దారు. అంకయ్యని పంపేశారు. పోలీసుల దాకా పోనివ్వను, ఇన్నేళ్ళు చేశాడు కాబట్టి, అన్నారట. మాలిక్ చెప్పాడు.

నేను అక్కడ లేను. షాపులో స్టెబిలైజరు పని ఉంది.

9-5-2005, సోమవారం

ఎండ. మనుషుల మనసులో ఏముందో ఎవరికి తెలుసు.

11-5-2005, బుధవారం

ఎండ. నీళ్ళ పంపు రాలేదు, రెండు వీధుల అవతలి నుంచి మోసుకొచ్చాను. వెంకటనారాయణగారు స్టోరులో పూజ చేయించి పులిహోర పంపారు. మా ఆవిడ అమీర్‌బీ తినలేదు. ఎందుకంటే చెప్పలేదు. నేను తిన్నాను.

16-5-2005, సోమవారం

వడగాలి. నాలుగో ఛాంబరులో పై అంతస్తు వేశారు, తొమ్మిది వరసలు కొత్తవి. వరసల ఫైలులో అవి చేర్చి, స్టోరు మిషను మీదే మేక్ నడిపాను. ఈసారి అర నిమిషం పట్టింది. మిషను వేడెక్కినట్టుంది. టేబుల్‌ఫ్యాను అటు తిప్పమన్నాను.

24-5-2005, మంగళవారం

వడగాలి. పాత రేడియో ఒకటి వచ్చింది, వాల్వులవి, ఎవరూ ముట్టుకోరు. నేనే చూశాను.

వెంకటనారాయణగారు రోడ్డు మీద కనపడి కారు ఆపారు. "చూశావా హుస్సేనూ, వాడు పోయాడు, గొడవ పోయింది. ఈ వారంలో పన్నెండు లాట్లు తీశాం, ఒక్క బస్తా తేడా లేదు." నిజమే. మాలిక్ కూడా అదే అన్నాడు.

అయితే అంకయ్య గురించి నేను అనుకున్నది సరైనదే.

అదే అమీర్‌బీతో అన్నాను. "ఇన్నాళ్ళూ చేయనివాడు ఇప్పుడెందుకు చేస్తాడు?" అంది. ఆశ అన్నాను. "పోయినేడు మన సామాను బండి బురదలో పడితే గంటసేపు తోసి టీ కూడా తాగలేదు ఆయన," అంది. ఆడవాళ్ళకి లెక్కలు తెలియవు అన్నాను. ఈ మాట అనకుండా ఉండాల్సింది.

4-6-2005, శనివారం

రోహిణి కార్తె. రోడ్డు తారు కరిగి చెప్పులకి అంటుతోంది. గుడ్డతో కిటికీకి తెర కుట్టాను.

అంకయ్య భార్య జయకుమారి షాపుకి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. చేతిలో ఒక చీటీ. తను ఏడో తరగతి దాకా చదివింది. హమాలీల ముఠాలో ఎవరెన్ని బస్తాలు మోశారో ఇంట్లో లెక్క రాసేది తనే. పని అయ్యాక స్టోరులో ఎవరూ దాచని చీటీల వెనక అంకయ్య గీతలు గీసి ఇస్తే తను అంకెలు వేస్తుంది. సీజను అయిపోయిందని ముఠా వాళ్ళు వచ్చి చీటీల కట్ట విప్పమంటే ఇది దొరికిందట.

వెనక ఐదేసి గీతల కట్టలు ఏడు, విడిగా మూడు. ముప్ఫై ఎనిమిది. ముందర: తారీకు 18-4-2005. లాటు 412. వరస 17.

"హుస్సేనన్నా, నాకు కంప్యూటరు తెలవదు. అంకెలు తెలుసు. ఇది పదిహేడే కదా?"

"పదిహేడే."

"మరి నువ్విచ్చిన కాయితంలో తొమ్మిది ఎట్టా పడింది?"

ప్రింటరు తప్పు కొట్టి ఉండొచ్చు అన్నాను. తొమ్మిదిని పదిహేడుగా ఏ ప్రింటరూ కొట్టదు. నాకు తెలుసు. అయినా అన్నాను.

"మేస్త్రి ఎక్కడున్నాడు?" అని అడిగాను.

"పిడుగురాళ్లలో. సున్నం బట్టీ కాడ. మేస్త్రి కాదిప్పుడు, కూలీ. ఇక్కడ ఏ స్టోరులోనూ లోపలికి రానియ్యలేదు." ఆగింది. "పని కోసం రాలేదన్నా. పని ఎక్కడైనా దొరుకుద్ది. మా ప్రార్థన మందిరంలో కానుకల సంచి పట్టేవాడు ఆయన. పద్దెనిమిదేళ్ళు. మానమని ఎవరూ అనలా. ఆయనే మానేశాడు. ఆదివారం వచ్చి వెనక గోడ కాడ కూర్చుంటాడు. సంచి ముందుకొస్తే చెయ్యి వెనక్కి పెట్టుకుంటాడు. ముట్టుకోడు."

చీటీ ఇవ్వమని అడిగాను. "చూసుకో. ఇయ్యను," అంది. నంబర్లు రాసుకున్నాను.

వెళ్తూ, "నువ్వు మంచోడివనే ఆయన అంటాడు. తెలిసి చేసి ఉండడంటాడు," అంది. తిట్టినా బాగుండేది.

5-6-2005, ఆదివారం

ఎండ. షాపు తెరవలేదు.

మార్చి 20న తీసిన ఫ్లాపీ పెట్టి చూశాను. రాసుకుంటే గాని నాకు స్పష్టం కాదు, అందుకని రాస్తున్నాను.

నేను రాసే ఫైలు ఒకటి. దాన్నుంచి మిషను తయారుచేసుకునే ఫైలు ఇంకొకటి. నడిచేది ఆ రెండోదే. మేక్ చేసే పని ఒక్కటే: రెండింటి తారీకులూ చూస్తుంది. నేను రాసింది కొత్తదైతే మళ్ళీ తయారుచేస్తుంది. తయారైనదే కొత్తదైతే, అంతా సవ్యంగానే ఉందనుకుని ముట్టుకోదు. లోపల ఏముందో చూడదు. తారీకు చూస్తుంది, అంతే.

ఆ ఫ్లాపీలో వరసల ఫైలు, నేను రాసింది: 12-3-2005.

దాన్నుంచి తయారైంది: 11-5-2005.

మార్చిలో తీసిన ఫ్లాపీలో మే నెల ఫైలు. ఇంకా రాని తారీకున పుట్టిన ఫైలు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

దేవుడి లాటు కోసం మే 11 చేసిన గంటలో అంతా తయారుచేశాను. ఆ తర్వాత తారీకు వెనక్కి మార్చాను గాని, తయారైన ఫైళ్ళ మీద మే 11 అలాగే ఉండిపోయింది. మార్చి 12న నేను సరిచేసి ఎక్కించినప్పుడు మేక్ చూసింది: ఇది మార్చిది, అది మేది. అదే కొత్తది. ముట్టుకోలేదు. కన్ను మూసి తెరిచేలోపు అయిపోయింది అని రాసుకున్నాను. అది అసలు మొదలే పెట్టలేదు.

ఇంటి మిషను మీద ఆ పాత ఫైలు లేదు. కాబట్టి ఇంట్లో అన్నీ కొత్తగా తయారయ్యాయి, తొమ్మిది పడింది. స్టోరులో ఏప్రిల్ 18న పదిహేడు పడింది. ఆయన చెప్పినట్టే.

మే 16న వరసలు చేర్చడానికి అదే ఫైలు ముట్టుకున్నాను. అది మే 16ది, తయారైంది మే 11ది. అప్పుడు మళ్ళీ తయారైంది. అర నిమిషం. మార్చిలో చేసిన మార్పు ఆ రోజు లోపలికి వెళ్ళింది. అంకయ్య వెళ్ళిన తొమ్మిది రోజులకి. వాడు పోయాడు, గొడవ పోయింది.

నాన్న దగ్గరికి పరుపులు తెచ్చేవాళ్ళలో కొందరు పైన గలీబు ఒక్కటే మార్చి కొత్త పరుపని అమ్మేవాళ్ళు. లోపల అదే మురికి దూది, ఉండలు కట్టి ఉండేది. నాన్న ఆ పని చేసేవాడు కాదు. చేత్తో నొక్కి చూసి, "ఏకాల్సిందే," అనేవాడు. నేను చేత్తో నొక్కి చూడలేదు.

మే 3న మాలిక్ అడిగాడు, మన మిషను మీదే తీసి చూద్దామా అని. ఆ మిషనులో అప్పుడింకా పాతదే ఉంది. ఒక్క మీట నొక్కితే పదిహేడు అని పడేది, ఇరవై మంది ఎదుట.

6-6-2005, సోమవారం

ఎండ. రేపు వెంకటనారాయణగారికి చెప్పాలి.

7-6-2005, మంగళవారం

ఎండ. షాపులో పని ఎక్కువైంది. ఆ వాల్వుల రేడియో మళ్ళీ విప్పాను. రేపు చెప్పాలి.

8-6-2005, బుధవారం

మబ్బు పట్టింది, పడలేదు. వెళ్ళి చెప్పాను.

ఆయన ముందు మంచినీళ్ళు తెప్పించారు. నేను కాయితం మీద రెండు తారీకులు రాసి చూపించాను. రెండుసార్లు చెప్పించుకున్నారు. తెలివైన మనిషి, అర్థమైంది. అర్థమయ్యాకే మొహం మారింది.

"అయితే దేవుడి లాటు వల్ల జరిగిందంటావు."

"దాని వల్ల కాదండీ. నేను తారీకు మార్చి..."

"తారీకు మార్చమన్నది నేనే కదయ్యా. చీటీ మీద మార్చమన్నాను. మిషనంతా మార్చమన్నానా? నాకేం తెలుసు, అది అలా మనసులో పెట్టుకుంటుందని?"

నాకు తెలిసి ఉండాలి అన్నాను.

ఆయన ఆ కాయితం మడిచారు. సుబ్బరావమ్మ ఏడుపు గుర్తొస్తోంది అన్నారు. తర్వాత, "అంకయ్యని వచ్చి పనిలో చేరమను. పాత జీతమే. ఎందుకు పంపాం, ఎందుకు పిలిచాం, ఆ మాట ఎవరూ ఎత్తొద్దు. కొత్త ఛాంబరుకు మూఢంలో ముహూర్తం పెట్టి దేవుణ్ణి మోసం చేశాడు, అందుకే సరుకు తారుమారైందంటారు నన్ను. రైతులు ఒక్కడూ రాడు. నీ పేరు కూడా పోతుంది, నేను నీ మంచికే చెప్తున్నా," అన్నారు.

మంచి మాటే అనిపించింది. వచ్చి అమీర్‌బీకి చెప్పాను. "అదెట్లాగండీ? తిట్టింది పదమూడు మంది ముందు, పిలిచేది చెవిలోనా?" అంది.

9-6-2005, గురువారం

ఎండ. పిడుగురాళ్ల వెళ్ళాను, బస్సులో. బట్టీల దగ్గర అంతా తెల్లగా ఉంది. చెట్లు, రోడ్డు, మేకలు. అంకయ్యని గుర్తుపట్టలేదు, ఆయనే, "సాయిబూ," అని పిలిచాడు. కనుబొమ్మల మీద సున్నం. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నోటికి కట్టిన గుడ్డ కిందికి లాగి నవ్వాడు.

"ఏంది, ఇక్కడా కంప్యూటరు పెడతన్నారా? బట్టీలోకి రాయెంత ఏశామో చీటీ తీత్తదా?"

నవ్వలేకపోయాను. చీటీలో పదిహేడే పడిందని, తప్పు ప్రోగ్రాంలో జరిగిందని, తొమ్మిది అని నేను చూపించింది ఇంటి మిషను మీద తీసిందని చెప్పాను. వెంకటనారాయణగారు మళ్ళీ రమ్మన్నారని కూడా చెప్పాను.

"ఎవరూ ఏం అనరు కదా?"

"అనరు మేస్త్రీ. ఆ మాటే ఎత్తరు."

"అంటే దొంగతనం చేశా, అయ్యగారు దయతలిచి మళ్ళీ పెట్టుకున్నాడు. అదే కదా అనుకునేది?"

నేను చెప్పులకంటిన సున్నం దులుపుకున్నాను.

"పదిహేడు నుంచి తీశానని నాకు తెలుసు. నాకు చెప్పడానికి ఇంత దూరం వచ్చావా? నాకు చెప్తే నాకేం లాభం సాయిబూ?" కోపంగా అనలేదు. తట్ట కింద పెట్టి నా పక్కన కూర్చున్నాడు. "ఒక నెల నేనే అనుకున్నా, నా కళ్ళే మోసం చేశాయేమో అని. తొమ్మిదిని పదిహేడని చదివానేమో అని. జయ ఆ చీటీ చూపించిందాకా. నీ కాయితం నన్నే నమ్మించింది."

తర్వాత అడిగాడు. "ఆదివారం మా మందిరానికి రా. ప్రార్థన అయినాక ఒక్క నిమిషం. ముఠా వాళ్ళందరూ ఉంటారు. అక్కడ చెప్పు."

నలుగురిలో మాట్లాడలేనని ఈయనకి తెలుసు. మా నాన్న పోయినప్పుడు జనాజా దగ్గర కూడా నా బదులు బాబాయి మాట్లాడాడు. ఆ రోజు అంకయ్య కూడా వచ్చాడు. అది గుర్తుంచుకునే అడుగుతున్నాడనిపించింది. అయినా అడుగుతున్నాడు.

వస్తానని చెప్పానో లేదో గుర్తులేదు. బస్సు ఎక్కాక చేతుల మీద సున్నం చూసుకున్నాను. ఆయన చేయి పట్టుకున్నట్టున్నాను.

10-6-2005, శుక్రవారం

చినుకులు. నమాజుకి వెళ్ళాను. మాలిక్ కలిశాడు. నేను మందిరానికి వెళ్తానని జయకుమారి ముఠాలో చెప్పిందట, అది వెంకటనారాయణగారి దాకా వెళ్ళిందట. "వెళ్తే వెళ్ళనీ. ఇకమీదట ప్రోగ్రాం పని గుంటూరు నుంచి ఎవరినైనా పిలిపించండి," అన్నారట. "కోపంగా అనలా భాయ్, బాధగానే అన్నాడు," అన్నాడు మాలిక్.

స్టోరు పని పోతే మిగిలేది రేడియోలు. ఇప్పుడు రేడియోలు ఎవరు బాగుచేయించుకుంటున్నారు.

వెళ్ళకపోతే ఏమవుతుంది అని కూడా ఆలోచించాను. ఏమీ కాదు. అదే భయంగా ఉంది.

11-6-2005, శనివారం

రాత్రి వాన పడింది, మొదటిది. కప్పు కారుతున్నచోట తారు పూశాను.

చెప్పాల్సింది కాయితం మీద రాసుకున్నాను. నాలుగు పేజీలు వచ్చింది. అమీర్‌బీకి చదివి వినిపించాను. మిరపకాయ తొడిమలు తీస్తూ విన్నది.

"మేక్ అంటే ఎవరు?" అంది.

"మనిషి కాదు, ప్రోగ్రాం."

"అయితే అది తీసేయండి. అక్కడున్నవాళ్ళకి దాంతో పనిలేదు."

తీసేశాను. మూడు పేజీలయింది. మళ్ళీ చదివాను. 'మార్చిలో ఒక పొరపాటు జరిగింది' దగ్గర ఆపింది.

"జరిగింది ఏంటండీ? వాన పడినట్టు, పిడుగు పడినట్టు. ఎవరు చేశారు?"

"నేనే."

"అయితే అట్లా రాయండి."

ముందటి పేజీలన్నీ తిరగేశాను. ఈ పుస్తకంలో కూడా. లోపం సరిచేయడం జరిగింది. కాయితం ఇవ్వడం జరిగింది. నేను చేసినవన్నీ జరిగాయి. ఆయన చేయనిది మాత్రం, చేశాడు అని రాశాను.

కొట్టేయగా ఇది మిగిలింది: నాలుగొందల పన్నెండో లాటు చీటీ మీద పదిహేడు అని పడింది. అంకయ్య చీటీ ప్రకారమే తీశాడు. చీటీ తప్పు పడేలా చేసింది నేను. సరిగ్గా చూడకుండా తొమ్మిది అని కాయితం ఇచ్చి, ఆయన్ని దొంగని చేసింది కూడా నేనే. ఆయన తప్పేమీ లేదు.

ఐదు వాక్యాలు. గట్టిగా అంటే రెండో దాని దగ్గరే ఆగిపోతున్నాను. పెరట్లోకి వెళ్ళి తలుపు వేసుకుని పదిసార్లు అన్నాను. నాలుగో వాక్యం ఇంకా నోరు తిరగడం లేదు.

12-6-2005, ఆదివారం

మబ్బు. మట్టి వాసన. వీధిలో నీళ్ళు నిలిచాయి.

తెల్లారకముందే లేచాను. తొమ్మిదింటికి ప్రార్థన, పదిన్నరకి అయిపోతుందట. మందిరం ఇక్కడికి పది నిమిషాలు. నేను పదింటికి వెళ్ళి బయట నిలబడొచ్చు. లోపలికి పిలిస్తే చెప్పులు ఎక్కడ విడవాలో, టోపీ తీయాలో వద్దో తెలియదు. జయకుమారిని అడగాల్సింది.

కాయితం తీసుకెళ్ళకూడదని అనుకున్నాను. చేతిలో ఉంటే తల ఎత్తను. తల ఎత్తకుండా చెప్తే, చెప్పినట్టు కాదు. కంఠతా వచ్చింది. నాలుగో వాక్యం కూడా. ఇప్పుడే అమీర్‌బీ ముందు నిలబడి చెప్పాను. ఆమె లేచి వెళ్ళి పెట్టెలోంచి పెళ్ళినాటి అత్తరు తెచ్చి చెవి వెనక రాసింది. చెమట వాసన వస్తే నలుగురిలో బాగుండదని వంక చెప్పింది.

గుమ్మంలో ఎవరో దగ్గారు. అంకయ్య. పొద్దున బస్సుకి దిగి తిన్నగా ఇటే వచ్చాడట, ఇంటికి కూడా వెళ్ళలేదు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, మెడ దగ్గర ఇంకా సున్నం గీత ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"తోడు వెళ్దామని వచ్చా సాయిబూ. ఒక్కడివే మా పల్లెలోకి రావాలంటే కుక్కలు ఊరుకోవు."

"కుక్కలకి భయం లేదు మేస్త్రీ."

"నాకు తెలుసులే దేనికో. నాకూ ఉంది," అన్నాడు. "నువ్వు చెప్పేటప్పుడు నేను ముందు వరసలో కూర్చుంటా. ఎవరి మొహమూ చూడబాక. నన్ను చూసి చెప్పు."

అరుగు మీద కూర్చున్నాడు. అమీర్‌బీ టీ ఇచ్చింది. ఈసారి తాగుతున్నాడు. ఆయన తాగేలోపు ఇది రాస్తున్నాను. గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. ఇవాళ ఇంకా చొక్కా ఇస్త్రీ చేయలేదు. ఇలాగే వెళ్తాను.